కోడలి కార్డులు, మా ఇంటి పిడికెడు బియ్యం

"ఆ కాయితాలు నీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీ బియ్యం గుడి మెట్టెక్కవు, వదినా."

"బియ్యం నావి. కాయితాలు కోడలివి. ఆ తేడా దేవుడికి తెలుసు. నీకు తెలవకపోతే నేనేం చెయ్యను?"

"తేడా ఏంది? రెండూ ఒక్క కప్పు కిందనే కదా ఉండేది."

"పోయిన నెల నువ్వు కూడా ఈ కప్పు కిందనే కూర్చొని, చారు రెండోసారి అడిగి పోయించుకొని తిన్నావు అబ్బయ్యా. అప్పుడు నీ కడుపులో ఏమన్నా పేలిందా?"

మా మరిది చేతిలో ఉన్న నా బియ్యం డబ్బాను అరుగు మీద పెట్టి, దానికి ఎడంగా జరిగి నిలబడ్డాడు. డబ్బా నిండుగానే ఉంది. పోయిన ఆదివారం నేను గుడికి పట్టుకుపోయినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది.

ఆయన నా భర్తకు తమ్ముడు, గురజాలలో మా క్రైస్తవ సంఘానికి పెద్ద. మిషన్ బడిలో పంతులుగా చేసి మా ఆయన పోయాక, మా ఇంటికి మగదిక్కు తనే అన్నట్టు ఉండేవాడు. ఉత్తగా అనుకోవడం కాదు, ఉన్నాడు కూడా. బర్రెకు గడ్డివాము వేయించింది ఆయనే. మా అబ్బాయి ఓవర్సీరు పనికి అర్జీ పెట్టుకుంటే ఆఫీసుల చుట్టూ వెంట తిరిగింది ఆయనే. అందుకే ఆ శనివారం ఉదయం నేను తలుపు మూసుకొని లోపలికి పోలేదు. అరుగు మీద నిలబడి పోట్లాడాను. అయినవాడితో పోట్లాడితేనే ఫలితం ఉంటుంది.

పిడికెడు బియ్యం అంటే మా సంఘాల్లో అందరికీ తెలిసిన మాటే. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటి ఆడది ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసుకొని, వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం దాన్ని గుడికి తీసుకుపోయి ప్రసంగ పీఠం ముందున్న బుట్టలో పోస్తుంది. ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని దిక్కులేని ముసలమ్మలకు పంచుతారు. నేను పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆ పిడికెడు తప్పించలేదు. కరువు ఏట జొన్న సంకటి తిన్నప్పుడు జొన్నలు తీశాను. నా బిడ్డకు జ్వరమొచ్చి గంజి కాచినప్పుడు కూడా తీశాను. అలాంటి బియ్యాన్ని వారం రోజులు ఒక మూల విడిగా పెట్టి, ఎవరికీ పంచకుండా, తిరిగి నా అరుగు మీదికి తెచ్చాడు.

ఇక కాయితాల సంగతి చెప్పాలి.

మా కోడలు గుంటూరు పిల్ల. మా మతంలోని పిల్లే. భౌతిక శాస్త్రంలో బి.యస్‌సి. చదివి, లైబ్రరీ చదువు ఇంకొకటి చదివి, బొంబాయిలో ఒక పెద్ద సైన్సు లైబ్రరీలో పని చేసింది. ఆ లైబ్రరీలో ఉండేదంతా అణువు గురించిన రాతలే. అక్కడే సాయంత్రం క్లాసులకు పోయి రష్యా భాష నేర్చుకుంది. పెళ్లయ్యాక మా అబ్బాయికి విజయపురి సౌత్‌లో కాలువ పని పడింది. అప్పటికి అక్కడ వాళ్లకు ఉండేది రేకుల షెడ్డే కాబట్టి కోడలు నా దగ్గర గురజాలలో ఉండిపోయింది. ఆ లైబ్రరీ వాళ్లు మాత్రం ఆమెను వదులుకోలేదు. రష్యా భాషా, ఆ సైన్సూ రెండూ తెలిసినవాళ్లు దొరకడం కష్టమట. చేయాల్సిన పనిని పోస్టులో పంపడం మొదలుపెట్టారు. టైపు మిషను మాచర్ల నుంచి బస్సు మీద కట్టించుకొని తెచ్చుకుంది.

నాకు చదువు మూడో తరగతితో ఆగిపోయింది. బైబిలు చదువుతాను, కీర్తనల పుస్తకం చదువుతాను, సంతకం పెడతాను. కానీ నా ఇంట్లో నా కిరసనాయిలు పోసి దీపం వెలిగించి చేసే పని ఏమిటో తెలియకుండా చేయనివ్వను. మొదటి కట్ట వచ్చిన రోజే కోడలిని కూర్చోబెట్టి, ఇది ఏంది, ఎవరికి, ఎందుకు అని అడిగాను. విసుక్కోకుండా చెప్పింది.

రష్యాలో ఎవరో ఒక పెద్దాయన ఏదో పరిశోధన చేసి పత్రికలో రాస్తాడు. కోడలు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, సారమంతా కొద్ది వాక్యాల్లో ఇంగ్లీషులో గట్టి అట్ట కార్డు మీద టైపు చేస్తుంది. ఎవరు రాశారు, ఏ పత్రిక, ఏ ఊరు అన్నది పైన వస్తుంది. కింద విషయాల పేర్లు వస్తాయి. ఆ పేర్లు సొంతంగా రాయకూడదు. వాటికి ఒక లావాటి పుస్తకం ఉంది, అందులో ఉన్న పేరే వాడాలి. ఎందుకంటే ఆ కార్డును వెతికేవాడు జపానులో ఉండొచ్చు, ఇంకో దేశంలో ఉండొచ్చు. రాసేవాళ్లూ వెతికేవాళ్లూ ఒకే పేరు వాడితేనే దొరుకుతుంది. ఒక్క రాతకు రెండు మూడు కార్డులు వేరువేరు పేర్ల కింద పోతాయి.

"కీర్తనల పుస్తకం వెనకాల పట్టికలు ఉంటాయి చూడండి అత్తయ్యా," అంది. "ఒకే పాట మొదటి మాటను బట్టి ఒకచోట ఉంటుంది, రాగాన్ని బట్టి ఒకచోట ఉంటుంది, పెళ్లికా చావుకా అన్నదాన్ని బట్టి ఇంకోచోట ఉంటుంది. ఇదీ అంతే. పాటలు మాత్రం వేరు."

ఆ కార్డులు బొంబాయికి పోతాయి. అక్కడి నుంచి వేరే దేశాలకు పోతాయి. వాళ్లవి మనకు వస్తాయి. ఇప్పటికి ఏ దేశం కార్డుల పెట్టెలు ఆ దేశానివే అయినా, ముందు ముందు అన్ని దేశాలూ కలిసి ఒకే జాబితా నడపాలని పెద్దలు కూర్చొని మాట్లాడుకుంటున్నారని కూడా చెప్పింది. మనవి వాళ్లకూ వాళ్లవి మనకూ పంచుకోవడం నాకు అర్థమయ్యే విషయమే. ఒకసారి ఒక కార్డు మీద పేరు సరైనది వేయలేదని ఎర్ర పెన్సిలుతో గీసి తిప్పి పంపారు. కోడలు ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆ లైబ్రరీ మీద గౌరవం కలిగింది. తప్పును తప్పు అని చెప్పి తిరిగి చేయించేచోట పని బాగుంటుంది.

నేను పెట్టిన షరతులు రెండే. ఆదివారం ఆ మిషను మీద గుడ్డ తీయకూడదు. వచ్చిన కట్టల పురికొస, పైన చుట్టిన మందపాటి కాగితం పారేయకూడదు.

గొడవంతా ఆ కాగితంతోనే వచ్చింది. బట్ట అంటించిన గోధుమరంగు కాగితం, తడికి చిరగదు. బియ్యం డబ్బాకు మూత సరిగా పట్టక పురుగు పడుతోందని, ఆ కాగితం ఒక ముక్క కోసి డబ్బా మూతికి కట్టాను. దాని మీద ఒక బొమ్మ అచ్చువేసి ఉంది. కోడిగుడ్డు ఆకారపు గీతలు ఒకదానిలో ఒకటి దూరి, నడుమ ఒక చుక్క. నాకు అది ముగ్గులా కనిపించింది.

గుడిలో బియ్యం పుచ్చుకునే ఒక ముసలమ్మకు మాత్రం అది ముగ్గులా కనిపించలేదు. అంతకు కొన్నాళ్ల ముందు మా మరిది ఏదో మిషన్ పత్రిక తెచ్చి, ఆరాధన అయ్యాక అందరికీ తిప్పి చూపించాడు. చైనా వాళ్లు బాంబు పేల్చారని రేడియోలో చెప్పిన తరువాతి ఏడు అది. పత్రికలో జపాను మీద వేసిన బాంబు గురించి రాశారు. పైన అదే బొమ్మ, కింద కాలిపోయిన పిల్లల ఫోటో. పోయిన ఆదివారం బుట్ట నిండిపోతే నేను బియ్యం డబ్బాతోనే పక్కన పెట్టి వచ్చాను. ముసలమ్మ దాని మూత చూసి మా మరిదిని పిలిచింది. ఆయన మా ఇంటికి పోస్టులో వచ్చే కట్టలు గుర్తు చేసుకున్నాడు. రెండూ కలిపి ఒక లెక్కకు వచ్చాడు. పత్రికలో ఉన్నదే మా ఇంట్లోనూ ఉందని, అది బియ్యానికి అంటుకుందని.

మళ్లీ ఆ శనివారానికి వస్తాను. అప్పటికి కోడలు గడప లోపల నిలబడి అన్నీ వింటోంది.

"ఆ పిల్లల బొమ్మ నువ్వు చూశావా వదినా?" అన్నాడు మా మరిది. గొంతు తగ్గించాడు. "ఒంటి మీద తోలు లేదు. నేను ఆ రోజు అన్నం ముందు కూర్చొని లేచిపోయాను. అలాంటి దానికి మన ఇంటి పిల్ల రాతకోతలు చెయ్యడమేంది?"

ఆ మాట ఆయన అబద్ధంగా అనలేదు. ఆయన కళ్లు చూస్తే తెలిసింది. నేను కూడా ఆ బొమ్మ చూశాను, ఊరుకోలేదు. చూసిన రాత్రే కోడలిని అడిగాను, నువ్వు రాసేదాంట్లో బాంబు ఉందా అని. ఆమె లేదని ప్రమాణం చేయలేదు. కొన్నిటిని ఎవరన్నా దేనికన్నా వాడుకోవచ్చు, నాకు తెలియదు అత్తయ్యా, కానీ దాచుకున్నది దాచినవాడికే తెలుస్తుంది, కార్డు మీదికి ఎక్కినది లోకానికంతా తెలుస్తుంది అంది. లేదు అనేసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

కాబట్టి మా మరిదికి అదే చెప్పాను. "దాచేవాణ్ణి చూసి భయపడు అబ్బయ్యా. మా పిల్ల చేసేది చాటింపు. ఊళ్లో దండోరా వేసేవాడి డప్పు పగలగొడితే ఉప్పెన ఆగుద్దా?"

"ఏం చాటుతుందో అది చెప్పు ముందు."

నాకు పట్టుదల వచ్చింది. ఆ వారమే కోడలు చదివి చెప్పిన ఒక రాత నోట్లో ఉంది, అనేశాను. "చెప్తా విను. బాంబులు పేలిస్తే ఆ బూడిద గాలికి ఎగిరి, ఎక్కడో గడ్డి మీద పడుద్దంట. ఆ గడ్డి పశువు తింటే పాలల్లోకి వస్తదంట. ఎంత వస్తదో రష్యావాళ్లు కొలిచి రాశారు. ఆ పాలు తాగే పిల్లల తల్లులకు అది తెలవక్కర్లేదా? మా పిల్ల రాయకపోతే ఈ దేశంలో ఎవరికి తెలుస్తది?"

గట్టి మాటే అన్నాననుకున్నాను. మా మరిది మాత్రం ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"అంటే విషం ఉందని నువ్వే ఒప్పుకుంటున్నావు. పాలల్లోకి కూడా వచ్చిందా?"

"ఒరేయ్, ఆ పాలు రష్యావిరా."

"కాయితాలూ రష్యావే కదా."

ఎదురింటి అరుగు మీద మిరపకాయలు తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు అప్పటికే చేతులు ఆపి వింటున్నారు. మా మరిది వాళ్లను చూశాడు. ఇంటి మనిషిలా కాకుండా సంఘపెద్దలా మాట్లాడాడు ఇక. రేపు మాచర్ల నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారు, ప్రభువు బల్ల, అంటే ప్రభువు శరీరానికి గుర్తుగా రొట్టె ఇచ్చే ఆదివారం. బల్లకు ముందు కోడలు లేచి ఆ పని మానేశానని సంఘం ముందు ఒక్క మాట చెప్పాలి. చెబితే బియ్యం తానే మోసుకుపోతాడు. చెప్పకపోతే రొట్టె పళ్లెం మా చాప దగ్గర ఆగదు. కోడలి ఒక్కదాని దగ్గరే కాదు, నా దగ్గర కూడా. అలా చెప్పి, తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

మాలో ఆ రొట్టె ముక్క అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. దొంగతనం చేసినవాడికీ, మొగుణ్ణి వదిలి పోయినదానికీ ఆపుతారు. పళ్లెం ఎవరి ముందు ఆగలేదో గుడి మొత్తం చూస్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి పెళ్లికి పిలుపు కూడా తగ్గుతుంది. నా జన్మలో నా ముందు ఆగకుండా పళ్లెం పోలేదు.

సాయంత్రం పాలు పితికాను. రోజూ మా వీధిలో పిల్లలు గిన్నెలు పట్టుకొని వచ్చి నిలబడేవాళ్లు. ఆ సాయంత్రం ఒక్క గిన్నె రాలేదు. మిరపకాయల ఆడవాళ్లు మాట ఎంత దూరం మోశారో, మా బర్రె రష్యా గడ్డి తిన్నదని ఒకామె, పాలు పొయ్యి మీద పెడితే నీలంగా పొంగాయని ఇంకొకామె అన్నారని తరువాత తెలిసింది. మా బర్రె ఊరి పొలిమేర దాటి ఎరగదు. వాకిట్లో నిలబడి, అందరికీ కనబడేలా, చెంబెడు పాలు పచ్చివే తాగాను. మిగతావి కాచి తోడు పెట్టాను. మజ్జిగ చేసి నెయ్యి తీస్తే పాడవదు. ఊరు తాగకపోతే మేము తింటాం.

లోపలికి వస్తే టైపు మిషను చప్పుడు లేదు. కోడలు కార్డులన్నీ సర్ది, పత్రికలు మళ్లీ కట్టగా కడుతోంది.

"అత్తయ్యా, తిప్పి పంపేస్తాను. రాయలేనని ఉత్తరం రాస్తాను," అంది.

"ఎందుకే?"

"మీకు రొట్టె ఆగిపోతుంది. నాదంటే పరవాలేదు, నేను చిన్నదాన్ని. మీరు ఎలా తట్టుకుంటారు?"

"నా రొట్టె సంగతి నిన్ను చూడమని ఎవరన్నారు? ఆ ముడి విప్పు. పురికొస తెంపకుండా విప్పు."

ఆమె విప్పలేదు. తల వంచుకొని, అసలు ఈ ఊళ్లో తాను చేసేదానికి అర్థం ఏముంది, ఒక్క మనిషి కూడా ఆ కార్డు చదవడు కదా అంది. ఆ పాల రాత ఎవరో డాక్టరు ఎక్కడో వెతుక్కుంటాడు, తాను రాయకపోతే బొంబాయిలో ఇంకెవరో రాస్తారు, నాలుగు నెలలు ఆలస్యమవుతుంది, అంతే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంటోంది. ఆ మాటలు ఆమెవి కావని తెలుస్తూనే ఉంది. భయం అలాంటి మాటలు చెప్పిస్తుంది.

నేను పక్కన చాప మీద కూర్చున్నాను. నన్ను మూడో తరగతిలో బడి మాన్పించిన రోజు మా నాయన కూడా సరిగ్గా అలాగే సర్దిచెప్పాడు. ఆడపిల్లకు ఇంకా ఎందుకు, కీర్తనలు చదవడం వచ్చింది కదా, అంతే కదా అన్నాడు. అప్పుడు మా ఇంట్లో ఒక్కరు కూడా లేచి, కాదు అనలేదు. అమ్మ కూడా అనలేదు. అనుంటే నేను ఏమయ్యేదాన్నో నాకు తెలియదు. ఏమీ అయ్యేదాన్ని కాదేమో కూడా. కానీ అనాలి. ఇది కోడలికి చెప్పలేదు. చెబితే జాలిపడుతుంది, నాకు జాలి గిట్టదు.

"చూడమ్మాయ్," అన్నాను. "నువ్వు మానాలనుకుంటే మానుకో. నీ కళ్లు నొప్పి పుడితే మాను, ఆ చదువు తప్పని నీకు తోస్తే మాను. నా కోసం మాత్రం మానొద్దు. నా పేరు చెప్పి మానితే ఆ కట్ట బరువు చచ్చిందాకా నా నెత్తినే ఉంటది."

కట్టను దీపం దగ్గరికి లాక్కుంది. ఆ తరువాత ముడి విప్పింది. తెంపకుండానే విప్పింది.

తెల్లవారి తెల్లచీర కట్టుకొని, బియ్యం డబ్బా పట్టుకొని, కోడలిని వెంటబెట్టుకొని గుడికి పోయాను. డబ్బా మూతికి ఆ కాగితం అలాగే ఉంచాను. ఎప్పుడూ కూర్చునేచోటే, ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చున్నాం. మా పక్కన కూర్చునే ఇద్దరు వెనక్కి జరిగారు. బియ్యం పోసే వేళకు నేను లేచాను. మా మరిది వచ్చి బుట్టను రెండు చేతులతో ఎత్తి పీఠం అవతల పెట్టాడు. నేను డబ్బాతో తిరిగి వచ్చి కూర్చున్నాను.

ప్రసంగం అయ్యింది. అయ్యగారు రొట్టె మీద గుడ్డ తీశారు. సంఘంలో ఒక బిడ్డ చెప్పాల్సిన మాట ఉందని మా మరిది అన్నాడు. కోడలు లేవబోయింది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నేనే లేచాను.

"నా కోడలు ఆ పని మానదు. నేను మానమని చెప్పను. అందులో పాపముంటే నా లెక్కలో కూడా రాసుకోండి," అన్నాను.

అయ్యగారు నా వైపు చూసి, మా మరిది వైపు చూసి, ప్రార్థన మొదలుపెట్టారు. నేను కూర్చున్నాను. పళ్లెం మా మరిదే పట్టుకొచ్చాడు. మా ముందుకు వచ్చేసరికి అడుగు ఆపలేదు, మా వైపు చూడలేదు. మా వెనక చాపలో ఆగాడు. కోడలు ఏడవలేదు. కడపటి కీర్తన దాకా ఉండి, అందరితో పాటు నిలబడి పాడి, అందరి కంటే వెనక బయటికి వచ్చాం. ఎవరూ పలకరించలేదు.

ఇంటికి వచ్చి పొయ్యి అంటించాను. దేవుడికని తీసిన బియ్యం ఇంట్లో వండుకోకూడదంటారు. పారేయడం అంతకంటే తప్పు. కడిగి ఎసట్లో పోశాను. కోడలు కాళ్లు కడుక్కొని లోపలికి పోయి, నన్ను అడగకుండానే టైపు మిషను మీద గుడ్డ తీసింది. ఆదివారమని నేను గుర్తు చేయలేదు. బర్రెకు కుడితి పెట్టి వచ్చేసరికి ఒక కార్డు అయిపోయి, రెండోది మిషనులోకి ఎక్కిస్తోంది.